ఫొటో తీసినవాళ్లు ఫొటో ఇచ్చి రావాలి

మా ఊళ్లో ఎవరైనా పోతే, బంధువులకు కబుర్లు వెళ్లిన కాసేపటికే నాకూ ఫోన్ వస్తుంది. "ఫొటో ఒకటి పెద్దది చెయ్యాలి, పెద్దకర్మ నాటికి కావాలి" అంటారు. తీరా వచ్చి చేతిలో పెట్టేది ఆధార్ కార్డు. లేదంటే రేషన్ కార్డు, ఓటరు కార్డు, సగం ముఖం మీద రబ్బరు ముద్ర పడిన బ్యాంకు పాస్‌బుక్కు. ఇంకొందరు ఏ మేనకోడలి పెళ్లి ఆల్బమో తెచ్చి, వెనక వరసలో నిలబడిన మనిషిని వేలితో చూపిస్తారు. "ఈవిడే మా అమ్మ. పక్కనోళ్లను తీసేసి, మంచి చీర కట్టించి, మెళ్లో గొలుసు వెయ్యగలవా అన్నా?" అని అడుగుతారు. వేస్తాను, అది నా పని. డెబ్బై ఏళ్లు బతికిన మనిషికి, కుదురుగా కూర్చుని తనకు నచ్చినట్టు దిగిన ఫొటో ఒక్కటీ లేకపోయిందే అన్న బాధ మాత్రం ప్రతిసారీ కలుగుతుంది.

మాది చీరాల. నాన్న పెట్టిన స్టూడియోనే నేనూ నడుపుతున్నాను. నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో రీటచింగ్ చేసే కాలం నుంచి కంప్యూటర్లో ముఖాలు దిద్దే కాలం దాకా అన్నీ ఆ గదిలోనే చూశాను. 2021 వేసవిలో కరోనా రెండో విడత వచ్చినప్పుడు జనం స్టూడియో దాకా రాలేక వాట్సాప్‌లో ఆధార్ ఫొటోలు పంపేవారు. వెనక లైను తోస్తుంటే, వెబ్ కెమెరా ముందు కూర్చోబెట్టి ఆపరేటర్ "ఇటు చూడు" అన్న క్షణంలో పడిన ముఖాలవి. కళ్లు సగం మూసుకుని, పెదవులు బిగించి, భయంభయంగా ఉండేవి. ఆ ముఖాన్నే పెద్దది చేసి, చుట్టూ వెలుగు పెట్టి, కింద జనన మరణ తేదీలు వేసి ఇచ్చాను. ఇప్పుడు ఆ ఇళ్లకు వెళ్తే గోడ మీద దండ వెనక ఆ భయమే కనిపిస్తుంది. చిన్నపిల్లలు తమ నాయనమ్మ ఎప్పుడూ అలాగే ఉండేదనుకుంటారు.

అందరి దగ్గరా ఫోన్లున్నాయి కదా, ఫొటోలకేం కొదవ అంటారు. ఆ ఫోన్ ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందో చూడండి. కొడుకు చేతిలో ఉంటుంది, కోడలి చేతిలో ఉంటుంది, మనవడి చేతిలో ఉంటుంది. వాళ్లు తీసుకునేవి వాళ్ల ఫొటోలు, వాళ్ల పిల్లల ఫొటోలు. పెద్దావిడ ఏ అంచునో సగం భుజం తెగి ఉంటుంది. తీసినా ఆ ఫొటో ఫోన్‌లోనే ఉండిపోతుంది. మెమరీ నిండిందని చెరిపేస్తారు, ఫోన్ నీళ్లలో పడితే దాంతోపాటే పోతుంది. కాగితం మీదకు ఎక్కడం ఎప్పుడో గానీ జరగదు.

అందుకే ముక్కూమొహం తెలియని మనుషుల్ని వాళ్లున్న చోటికే వెళ్లి, సంతలో, రేవులో, మగ్గం గుంటలో ఫొటో తీసేవాళ్లంటే నాకు గౌరవం. కెమెరా ఉన్నవాడు తనంతట తాను నడిచి వెళ్లి, జీవితంలో ఎన్నడూ స్టూడియో గడప తొక్కని మనిషి ముందు కూర్చోవడం గొప్ప పని. మనవాళ్లు ఈ పనిలో సగమే చేస్తున్నారు. ముఖం తీసుకుని వెళ్లిపోతున్నారు. ఫొటో ఇవ్వడానికి తిరిగి రావడం లేదు. నా ఫిర్యాదంతా దీని గురించే.

ప్రతి ఏటా ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు మన ఊళ్లలో ఫొటోగ్రాఫర్ల సంఘాలు డాగ్యూర్ చిత్రపటానికి పూలమాల వేస్తాయి. 1839లో అదే రోజున ఆయన కనిపెట్టిన ఫొటో పద్ధతిని ఫ్రాన్స్ ప్రభుత్వం లోకానికి వెల్లడించింది. కొన్నిచోట్ల ఆ రోజు ప్రదర్శనలు, పోటీలు కూడా పెడతారు. వెళ్లినప్పుడల్లా గోడ మీద దాదాపు అవే ముఖాలు. ముడతలు పడిన ముసలాయన, చుట్ట పొగ, అరకులోయలో ముక్కుకు మూడు పోగులున్న గిరిజన స్త్రీ, చీమిడి ముక్కు పిల్లవాడు. కింద 'నిరీక్షణ', 'జీవన సంధ్య', 'అమాయకత్వం' అని పేర్లు. తీసినవాడి పేరు ఉంటుంది, ఊరు ఉంటుంది, కెమెరా కంపెనీ పేరు కూడా ఒక్కోసారి ఉంటుంది. ఫొటోలో ఉన్న మనిషి పేరు ఉండదు. "ఈయన ఎవరండీ?" అని నేను చాలామందిని అడిగాను. తెలియదంటారు. "ఈ ఫొటో ఆయన చూశాడా?" అంటే, ఆ ప్రశ్న ఎందుకడుగుతున్నానో వాళ్లకు అర్థం కాదు.

డాగ్యూర్ తీసిన వాటిలోనే ఒక ఫొటో ఉంది. 1838లో పారిస్‌లో ఒక ఎత్తయిన కిటికీ నుంచి కింది వీధిని తీశాడు. ఎక్స్‌పోజర్ నిమిషాల తరబడి పట్టే రోజులవి. బండ్లూ జనమూ కదిలిపోతూ ఉండడంతో ఒక్కరి ఆనవాలూ ప్లేటు మీద నిలవలేదు, వీధంతా ఖాళీగా పడింది. ఒక మూల మాత్రం ఒకాయన బూట్లు పాలిష్ చేయించుకుంటూ కాలు పైకి పెట్టి కదలకుండా నిలబడడంతో ఆయన ఆకారం నిలిచింది. మనకు తెలిసినంతలో మనిషి కనిపించే తొలి ఫొటోల్లో అదొకటి. తనను ఫొటో తీస్తున్నారని ఆయనకు తెలియదు, ఆయన పేరు నేటికీ ఎవరికీ తెలియదు. అంత ఎత్తు కిటికీలోంచి తీసిన డాగ్యూర్‌ను తప్పుపట్టలేం. మనం నాలుగడుగుల దూరంలో, ఆ మనిషి ఊపిరి తగిలేంత దగ్గర నిలబడి తీస్తున్నాం. పేరు అడగడానికి మనకేం అడ్డం?

పేరు రాయకపోవడానికి మన దగ్గర ఒక పాత చరిత్ర ఉంది. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంటుగా చేసిన ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు రాసి 1909లో అచ్చు వేయించాడు. మనుషుల తలల్నీ ముక్కుల్నీ పరికరాలతో కొలిచి లెక్కలు రాసుకున్న అధికారి ఆయన. ఆ సంపుటాల్లో మన తెలుగు నేల మనుషులూ ఉన్నారు. చాలా ఫొటోల కింద కులం పేరో తెగ పేరో ఉంటుంది, మనిషి పేరు ఉండదు. ఆ ఫొటోలు ఉపయోగం లేనివని నేననను. ఆనాటి బట్ట, నగ, జుట్టు ముడి చూడాలంటే అవే దిక్కు. అయితే అందులో నిలబడ్డ మనిషి ఒక నమూనా మాత్రమే. నూరేళ్లు దాటాక మనం అరకు కొండల్లో అదే వరసలో నిలబెట్టి తీసి, కింద 'గిరిజన సౌందర్యం' అని రాస్తే ఆ దొర చేసిన దానికీ మనం చేసిన దానికీ తేడా చెప్పడం నాకు చేతకాదు.

ఇంకొక ఫొటో గురించి చెప్పాలి, లోకమంతా చూసిందే. 1984లో పెషావర్ దగ్గరి శరణార్థి శిబిరంలో స్టీవ్ మెకరీ ఒక అఫ్గాన్ అమ్మాయిని తీశాడు. ఆకుపచ్చ కళ్లు, చిరిగిన ఎర్రటి ముసుగు. 1985 జూన్ నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రంగా వచ్చాక ఆ ముఖం ఎక్కడెక్కడికో వెళ్లింది. మా స్టూడియోలో కూడా నాన్న ఏదో పత్రికలోంచి కత్తిరించి అద్దం పక్కన అంటించారు. ఆమె పేరు మాత్రం ఎవరూ రాసుకోలేదు. మళ్లీ వెతికి పట్టుకున్నది 2002లో. ఆమె షర్బత్ గులా. అప్పటికి పిల్లల తల్లి. ఆ ఫొటోను ఆమె చూడడం అదే మొదటిసారి. చీరాలలో ఒక స్టూడియో గోడ మీద ఏళ్ల తరబడి ఉన్న ముఖాన్ని, ఆ ముఖం గల మనిషి చూసుకోలేదు! తెలియని మగవాడు వచ్చి ఫొటో తీసినందుకు ఆ రోజు తనకు కోపం వచ్చిందని కూడా ఆమె చెప్పింది. కళ్లలో ఉన్నది యుద్ధభయమని, నిస్సహాయత అని ఎంతమంది ఎన్ని రాశారో. కోపమేమోనని ఆలోచించినవాళ్లు తక్కువ. 2016లో ఆమె గుర్తింపు కార్డు కేసులో పాకిస్తాన్‌లో అరెస్టయి, తర్వాత అఫ్గానిస్తాన్‌కు పంపబడింది. మెకరీ పనితనం మీద నాకు చిన్నచూపు లేదు. ఆ వెలుతురు, ఆ చూపు పట్టుకోవడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవాడిగా నాకు తెలుసు. అంత గొప్ప ఫొటో కూడా దిగిన మనిషి చేతికి చేరలేదంటే ఆ లోటు లోటే.

అడిగితే సహజత్వం పోతుందని కుర్రాళ్లు నాతో వాదిస్తారు. వాదనలో బలం ఉంది. చెప్పగానే జనం బిగుసుకుపోతారు, చేతులు కట్టుకుంటారు, పాసుపోర్టు ముఖం పెడతారు. అమెరికాలో వాకర్ ఎవాన్స్ అందుకే 1938 నుంచి 1941 దాకా న్యూయార్క్ భూగర్భ రైళ్లలో కోటు కింద కెమెరా దాచి, గుండీల సందులోంచి ఎదుటి ప్రయాణికుల్ని తీశాడు. ఎవరూ చూడడం లేదనుకున్నప్పుడు మనిషి ముఖం ఎలా ఉంటుందో అందులో కనిపిస్తుంది. ఆ ఫొటోల పుస్తకం అచ్చులోకి వచ్చింది 1966లో, పాతికేళ్ల తర్వాత. ఇవాళ తీసింది ఇవాళే, ఆ రైలు దిగకముందే ఊరంతా చూసేస్తోంది. అడగకుండా తీయడం నేరమని నేననను. నేనూ తీస్తాను. తీశాక దగ్గరికి వెళ్లి చూపిస్తాను. వద్దంటే వాళ్ల కళ్ల ముందే చెరిపేస్తాను. మంచి ఫొటో పోయిందని మనసు పీకుతుంది. అయినా చెరిపేస్తాను, ఎందుకంటే ఆ ముఖం నాది కాదు.

బిగుసుకుపోవడం గురించి ఒక మాట. అది పది నిమిషాల్లో పోతుంది, ఆ పది నిమిషాలు మన దగ్గర ఉండాలి. మా ఓడరేవులో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, మత్స్యకారులు కూర్చుని వలలు బాగుచేసుకుంటారు. వాళ్ల పక్కన ఇసుకలో కూర్చుని కబుర్లాడితే కెమెరా సంగతి వాళ్లూ మర్చిపోతారు, కాసేపటికి నేనూ మర్చిపోతాను. పొద్దున్నే తెల్లటి ఇసుక మీద పడిన ఎండ కిందినుంచి ముఖం మీదకు తిరిగి కొడుతుంది. ఏ స్టూడియో లైటూ ఇవ్వని వెలుతురది. సముద్రం మీద పనిచేసి నల్లబడ్డ ముఖం ఆ వెలుతురులో మెరుస్తుంది. వెనక ఆకాశం పెడితే కెమెరా మోసపోయి ముఖాన్ని చీకటి చేస్తుంది, పడవ పక్క పెడితే చక్కగా వస్తుంది. కూర్చున్న మనిషిని నిలబడి తీయకూడదు. మనమూ కూర్చోవాలి, లెన్సు వాళ్ల కళ్ల ఎత్తులో ఉండాలి. పైనుంచి తీస్తే ఎవరైనా దీనంగానే కనిపిస్తారు. ఫోన్లు తమంతట తామే చర్మాన్ని తెల్లగా, నున్నగా చేసేస్తాయి, ఆ సెట్టింగ్ ముందే తీసేయండి. నల్లటి మనిషిని నల్లగానే అందంగా తీయడం వచ్చినవాడే మన దేశంలో పోర్ట్రెయిట్ తీయగలిగినట్టు.

జాండ్రపేటలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. గుంట మగ్గం మీద నేస్తున్నాడు. ఒంటి మీద చొక్కా లేదు, భుజాన తువ్వాలు, పక్క కిటికీలోంచి వెలుతురు. ఏ పోటీకి పంపినా బహుమతి వచ్చే దృశ్యం. "బాబాయ్, ఒక ఫొటో తీసుకోనా?" అన్నాను. "ఉండు నాయనా" అని లేచి లోపలికి వెళ్లి, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చి మళ్లీ గుంటలోకి దిగాడు. నాతో వచ్చిన కుర్రవాడు "అయ్యో, మొత్తం పాడైపోయింది సార్" అని గొణిగాడు. నేను చొక్కాతోనే తీశాను. ఆయన రోజూ పొద్దున్నుంచీ రాత్రి దాకా చొక్కా లేకుండా కష్టపడతాడు, అది నిజమే. అయితే ఫొటోలో తాను ఎలా ఉండాలో నిర్ణయించుకున్న ఆ చొక్కా కూడా అంతే నిజం. ప్రింటు తీసుకెళ్లి ఇస్తే ముఖం వైపు చూడనే లేదు. "మగ్గం మీద చీర అంచు పడిందా?" అని అడిగాడు. పడింది. అదే చాలా సేపు చూసుకున్నాడు. ఆయన పిల్లలెవరూ ఆ పనిలో లేరు.

ఫొటోలో తాను ఎలా ఉండాలో తానే నిర్ణయించుకోవడం, స్టూడియో సామాన్యులకు ఇచ్చిన గొప్ప హక్కు ఇదే. మా నాన్న దగ్గర మేకుకు ఒక నల్ల కోటు వేలాడుతూ ఉండేది. అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా, ప్లాస్టిక్ పూలకుండీ, వెనక మెట్లూ తోటా గీసిన తెర. కూలి పనికి వెళ్లేవాడు పండక్కి వచ్చి ఆ కోటు వేసుకుని దొరలా దిగి వెళ్లేవాడు. అది అబద్ధమని చదువుకున్నవాళ్లు నవ్వుతారు. కానీ ఆఫ్రికాలో మాలి దేశ రాజధాని బమాకోలో సైదూ కెయితా 1948లో స్టూడియో తెరిచి, వచ్చినవాళ్లకు సూట్లు, చేతి గడియారాలు, రేడియో అరువిచ్చి తీసిన ఫొటోల్ని ఇప్పుడు ప్రపంచ మ్యూజియంలు గోడలకెక్కించాయి. ఆ మనుషుల కళ్లలో ధీమా చూడండి. తాము డబ్బిచ్చి, తాము కోరినట్టు దిగినవాళ్ల ధీమా అది. వీధిలో తీసేవాడు ఆ ధీమాను మనిషి దగ్గర లాక్కోకూడదు.

ఇప్పుడు కెమెరాల కంటే ఫోన్లతో వచ్చే బెడద ఎక్కువైంది. సెంటర్లో పండ్లమ్ముకునే ముసలావిడ చేతిలో ఐదు వందల నోటు పెట్టి, ఆమె ఏడుస్తుంటే దగ్గరగా తీసి, పాట పెట్టి రీలు వదులుతున్నారు. ఆవిడ అప్పుల సంగతీ కొడుకు తాగుడు సంగతీ లక్షల మంది వింటున్నారు. వీధి చివర ఉన్న వియ్యాలవారు కూడా వింటున్నారు. ఆ నోటు రెండు రోజుల్లో ఖర్చయిపోతుంది, ఆ వీడియో ఉండిపోతుంది. సాయం చేయాలనుకుంటే చేయండి, చేసేటప్పుడు ఫోన్ జేబులో పెట్టుకోండి. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా చెప్పింది. పండ్లబండి దగ్గర కూర్చున్నావిడకూ ఆ హక్కు ఉంది. కోర్టుకు వెళ్లే స్తోమత ఆమెకు లేదు కాబట్టి ఆ హక్కును గౌరవించాల్సిన బాధ్యత ఫోన్ పట్టుకున్నవాళ్ల మీదే పడుతుంది.

ఆడవాళ్ల విషయంలో ఒక సంగతి నేను గమనించాను. వద్దని నోటితో అనరు, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. దాన్ని సిగ్గనుకుని ఇంకా దగ్గరికి వెళ్లి తీసేవాళ్లున్నారు. అది వద్దని చెప్పడమే. పక్కనున్న భర్తో కొడుకో "తియ్యండి, ఏం పర్లేదు" అన్నా ఆవిడ కొంగు దించేదాకా కెమెరా ఎత్తకూడదు.

ఇక ప్రింటు. చిన్న సైజు ప్రింటుకు అయ్యేది ఒక టీ డబ్బులు. ఆదివారం తీసినవి వారంలో ప్రింటు వేయించి, కవరు మీద పేరు రాసుకుని, మళ్లీ ఆదివారం వెళ్లి ఇస్తాను. ఇచ్చిన రోజు చూడాలి మీరు. రేవులో గంప దించి, తడి చేతులు చీరకు తుడుచుకుని, ఫొటోను అంచులు పట్టుకుని చూస్తారు. చుట్టుపక్కలవాళ్లంతా మూగుతారు. "నేనింత ముసలిదాన్నైపోయానా" అని ఒకావిడ తన ముఖాన్ని వేలితో తడిమింది. ఇంకొకామె, "ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుద్దని మా అత్త నన్నెప్పుడూ దిగనిచ్చేది కాదు నాయనా, ఇప్పుడావిడ లేదు, నా ఒక్కదాన్నీ తియ్యి" అంది. ఇచ్చినదాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రేషన్ కార్డు దాచుకునే పెట్టెలోనే దాచుకుంటారు. తర్వాత మళ్లీ వెళ్తే వాళ్లే పిలుస్తారు, పక్కింటివాళ్లను పిలుచుకొస్తారు. మొదటి రోజు దొరకని చూపు రెండో రోజు దొరుకుతుంది, ఎందుకంటే అప్పటికి నేను పరాయివాణ్ని కాను. మంచి పోర్ట్రెయిట్ కావాలన్న స్వార్థం ఉన్నవాడు కూడా ప్రింటు ఇవ్వడానికి వెళ్లాలని నేను చెప్పేది ఇందుకే.

ఫొటోగ్రాఫర్ల సంఘాలకూ, పోటీలు పెట్టేవాళ్లకూ నాదొక విన్నపం. మీ ఎంట్రీ ఫారంలో లెన్సు, షట్టర్ స్పీడు అడుగుతున్నారు. వాటి కింద ఇంకో మూడు గీతలు వేయండి. ఫొటోలోని మనిషి పేరేమిటి, ఆయన లేదా ఆమె ఒప్పుకున్నారా, ప్రింటు ఇచ్చారా. పేరు బయటపెట్టవద్దని ఆ మనిషి కోరితే ఆ మాటే రాయించండి. మూడో గీత ఖాళీగా ఉన్న ఫొటోను, అది ఎంత గొప్పగా ఉన్నా, పోటీకి తీసుకోకండి. కెమెరా కొత్తగా కొనుక్కున్న పిల్లలకు చెప్పేది ఇంకా చిన్నది. కిందటి నెల, కిందటి ఏడు మీరు తీసిన ముఖాలు మీ ఫోన్‌లో ఉన్నాయి, వాళ్లు ఎక్కడ కూర్చుంటారో మీకు తెలుసు. ఈ వారం ప్రింటు వేయించి తీసుకెళ్లి ఇవ్వండి.